పాత తీగల చిక్కటి రెడ్ వైన్: ఎంచుకోవడం దగ్గర్నుంచి ఆఖరి గ్లాసు దాకా

ఈ విషయం తెలుగులో రాయబోతే మొదట్లోనే ఒక చిక్కు వస్తుంది. ద్రాక్ష తీగను ఇంగ్లీషులో ‘వైన్’ అంటారు, దాని పళ్లతో చేసేదాన్నీ ‘వైన్’ అనే అంటారు. అక్కడ మొదటి అక్షరం వేరు. మన లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా కాస్తా పోతుంది. అందుకే ‘ఓల్డ్ వైన్’ అనగానే చాలామంది ఏళ్ల తరబడి సీసాలో మాగింది అనుకుంటారు. కాదు, ఇక్కడ పాతది తీగ. సీసాలో పోసి రెండేళ్లు కూడా కాని వైన్ నూరేళ్ల తీగది కావచ్చు. ఇరవై ఏళ్లు మాగిన సీసా ఐదేళ్ల కుర్ర తీగది కావచ్చు. ఈ గందరగోళం లేకుండా, మొక్క గురించి చెప్పేచోటల్లా ‘తీగ’ అనే రాస్తాను.

ఇలాంటి వైన్ చాలామంది దగ్గర వృథా అయిపోవడం చూశాను. వేడిగా పోసుకుంటారు, తెరిచిన నిమిషానికే తాగేస్తారు, ‘ఘాటుగా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. ఆ సీసాలో అసలున్నదేమిటో వాళ్లకు తెలియకుండానే పోతుంది. కింద చెప్పినట్టు చేసి చూడండి.

ముందుగా, తీగ ముసలిదైతే ఏమవుతుంది?

ద్రాక్ష తీగ నాటిన మూడో ఏడాదికల్లా కాపుకొస్తుంది. కుర్ర తీగకు ఉత్సాహం ఎక్కువ. వదిలేస్తే గుత్తులు విరగకాస్తుంది, అన్నిటికీ సరిపడా సారం అందించలేదు. వయసు పెరిగేకొద్దీ కాపు తగ్గుతుంది. మొదలు లావెక్కుతుంది, అందులో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. నేల ఒప్పుకుంటే వేళ్లు బాగా లోతుకు దిగుతాయి. దాంతో ఒక ఏడాది ఎండ మండిపోయినా, ఇంకో ఏడాది వాన ముఖం చాటేసినా పాత తీగ అంతగా తడబడదు. గుత్తులు తక్కువే అయినా నిండుగా పండుతాయి. పళ్లు చిన్నవైతే రసం కంటే తొక్క పాలు ఎక్కువ. రంగు, వగరు, వాసనలో చాలా భాగం తొక్కలోనే ఉంటాయి కాబట్టి వైన్ చిక్కబడుతుంది.

అయితే వయసు ఒక్కటే రుచి ఇచ్చేయదు. పనికిరాని తోటను వందేళ్లపాటు ఎవరూ మోయరు, పీకేసి వేరే పంట వేసుకుంటారు. అంటే ఇవాళ మిగిలిన పాత తోటల్లో చాలావరకు మొదటినుంచీ మంచి నేలలో, మంచి చేతుల్లో ఉన్నవే. రుచిలో ఎంత వాటా వయసుది, ఎంత వాటా ఆ నేలది అని గీత గీసి చెప్పడం కష్టం. నాకైతే వయసు ఒక ఆనవాలు. అది కనిపిస్తే ఆగి చూస్తాను, దాన్ని మాత్రమే చూసి కొనను.

1. ‘పాత’ అంటే ఎన్నేళ్లో వెతకండి

ఫ్రెంచ్ సీసా మీద ‘వియెయ్ విన్య్’ అని ఉంటుంది, స్పానిష్ సీసా మీద ‘వీన్యాస్ వియేహాస్’, జర్మన్ సీసా మీద ‘ఆల్టే రేబెన్’. అన్నిటికీ అర్థం పాత తీగలనే. కానీ ఫ్రాన్స్‌తో సహా చాలా దేశాల్లో ఆ మాట వాడటానికి ఇన్నేళ్లు ఉండాలని చట్టం లేదు. పాతికేళ్ల తోటవాడూ రాసుకోవచ్చు, తొంభై ఏళ్ల తోటవాడూ రాసుకోవచ్చు. కాబట్టి ఆ మాట దగ్గరే ఆగిపోకండి, అంకె కోసం చూడండి.

అంకె చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా ప్రాంతం 2009లో తన తీగలకు నాలుగు మెట్లు పెట్టుకుంది: 35 ఏళ్లు దాటితే ‘ఓల్డ్’, 70 దాటితే ‘సర్వైవర్’, 100 దాటితే ‘సెంటినేరియన్’, 125 దాటితే ‘యాన్సెస్టర్’. దక్షిణాఫ్రికాలో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ వాళ్లు 35 ఏళ్లు దాటిన తోటల వైన్‌కు ఒక ముద్ర ఇస్తారు. తోట నాటిన సంవత్సరం ఆ ముద్ర మీదే ఉంటుంది. నాకు తెలిసినంతలో కొనేవాడికి ఇంతకంటే సూటిగా ఉపయోగపడే ముద్ర లేదు. కాలిఫోర్నియాలో హిస్టారిక్ వైన్‌యార్డ్ సొసైటీ కనీసం 50 ఏళ్ల కిందట నాటిన తోటలను నమోదు చేస్తుంది. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఓఐవీ కూడా 2024లో ఒక నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం పాత తీగ అనాలంటే 35 ఏళ్లు నిండినట్టు ఆధారం ఉండాలి.

ముద్ర లేకపోతే సీసా వెనక లేబుల్ చదవండి. ‘1920లో నాటిన తోట’ అని సంవత్సరం చెప్పేవాడికీ, ‘తరతరాల తీగలు’ అని ఊరుకునేవాడికీ చాలా తేడా ఉంది. సంవత్సరం చెప్పినవాడికే నా ఓటు.

2. రకం, ప్రాంతం చూసుకోండి

పాత తీగలు ఎక్కడపడితే అక్కడ మిగల్లేదు. 1860ల్లో ఉత్తర అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌కు చేరింది. కంటికి ఆననంత చిన్నది, వేళ్లను పట్టుకుని రసం పీల్చేస్తుంది. కొన్ని దశాబ్దాల్లో యూరప్ తోటల్లో చాలా భాగం ఎండిపోయింది. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికన్ తీగల వేళ్ల మీద యూరప్ రకాలను అంటుకట్టడం ఒక్కటే దారైంది. ఇసుక నేలల్లో మాత్రం ఆ పురుగు బతకలేదు. దక్షిణ ఆస్ట్రేలియాకు, చిలీకి అది చేరనే లేదు. అందుకే అంటు లేకుండా సొంత వేళ్ల మీద నిలిచిన పాత తీగలు అలాంటిచోట్లే కనిపిస్తాయి.

బరోసాలో షిరాజ్ రకం తీగలు 1840ల్లో నాటినవి ఇప్పటికీ కాస్తున్నాయి. లాంగ్‌మైల్ వాళ్ల ‘ద ఫ్రీడమ్ 1843’ అనే వైన్ అలాంటి తోటదే, నాటిన ఏడాదినే పేరుగా పెట్టుకున్నారు. ఇదే ప్రాంతంలో 1980ల్లో ప్రభుత్వమే డబ్బిచ్చి తీగలు పీకించింది. అప్పట్లో షిరాజ్, గ్రెనాష్‌లకు గిరాకీ లేదు. ఎన్ని పాత తీగలు ఆ రెండు మూడేళ్లలో పోయాయో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. డబ్బు వద్దనుకుని ఉంచుకున్న రైతుల వల్లే ఆ వైన్ ఇవాళ మన గ్లాసుదాకా వస్తోంది.

కాలిఫోర్నియాలో చూడాల్సింది జిన్‌ఫాండెల్ రకం, ముఖ్యంగా లోడై, సోనోమా ప్రాంతాలది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్నా, ఇంట్లో వైన్ చేసుకోవడానికి వెసులుబాటు ఉండేది. రైలు పెట్టెల్లో ద్రాక్ష దూర ప్రాంతాలకు వెళ్లేది. ఆ గిరాకీయే చాలా తోటలను బతికించింది. ఈ తోటల్లో ఒక్క జిన్‌ఫాండెలే ఉండదు. పెటీట్ సిరా, కారిన్యాన్, అలికాంటే బుషే లాంటివి వరసల మధ్య కలిపి నాటేవారు, అన్నిటినీ కలిపే కోసి కలిపే పులియబెట్టేవారు. దీన్ని ‘ఫీల్డ్ బ్లెండ్’ అంటారు. లేబుల్ మీద ఆ మాట కనిపిస్తే తప్పకుండా ఒకసారి రుచి చూడండి.

స్పెయిన్‌లో ప్రియొరాత్‌లోని గార్నాచా, కారిన్యేనా, తోరోలోని టింటా దె తోరో, హుమీయాలోని మొనాస్ట్రెల్ బాగా చిక్కటివి. చిలీలోని మౌలే లోయలో ‘విన్యో’ అనే పేరు కనిపిస్తే అది ప్రధానంగా కనీసం 30 ఏళ్ల, వర్షాధారపు కారిన్యాన్ తీగలది. ఫ్రాన్స్‌లో షాతోనెఫ్ దు పాప్ ప్రాంతపు గ్రెనాష్ ఉంది. ఒక్క రకానికే ఊరికో పేరు ఉండటం కొత్తవాళ్లను తికమక పెడుతుంది: గ్రెనాష్, గార్నాచా ఒకటే, మూర్వెద్ర్, మొనాస్ట్రెల్, మటారో ఒకటే, షిరాజ్, సిరా ఒకటే, టింటా దె తోరో అంటే టెంప్రనీయోనే.

మొదటిసారి అయితే బరోసా షిరాజ్‌తోగానీ, లోడై జిన్‌ఫాండెల్‌తోగానీ మొదలుపెట్టండి. వీటిలో పండు రుచి ముందుగా పలకరిస్తుంది. ప్రియొరాత్ అలా కాదు. వగరు, రాతినేల పొడితనం అలవాటయ్యాక దాని దగ్గరికి వెళ్లడం మేలు.

3. లేబుల్ మీద ఇంకో రెండు విషయాలు

ఆల్కహాల్ శాతం చూడండి. ఈ వైన్లు సాధారణంగా 14 నుంచి 15.5 శాతం మధ్య ఉంటాయి. 15 దాటినవన్నీ చెడ్డవని కాదు, కానీ దానికి తగ్గ పులుపు లేకపోతే గొంతులో మంట తప్ప ఏమీ మిగలదు. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున 5 గ్లాసులు వస్తాయి. ఇంత ఘాటైనదాన్ని మామూలు వైన్ లెక్కన తాగకండి, తాగాక బండి తీయకండి.

రెండోది, పందిరి లేకుండా పొదలా పెంచిన తీగ అని చెప్పే ‘బుష్ వైన్’, వర్షాధారం అని చెప్పే ‘డ్రై ఫార్మ్‌డ్’ అనే మాటలు. పొదలా పెంచిన తీగలను యంత్రం కోయలేదు, మనిషి వంగి చేత్తో కోయాలి. ఇవి రాసి ఉంటే తోటను శ్రద్ధగా చూసుకుంటున్నారని అనుకోవచ్చు.

4. ఇంటికి తెచ్చాక

కార్క్ ఉన్న సీసాను పడుకోబెట్టండి, కార్క్ తడిగా ఉంటుంది. మర మూత అయితే నిలబెట్టినా పరవాలేదు. వెలుతురు పడని, 12 నుంచి 15 డిగ్రీల చోటు మంచిది. అలాంటి చోటు లేకపోతే వంటింటికి దూరంగా, ఉన్నంతలో చల్లటి అలమారాలో పెట్టి కొన్ని నెలల్లోనే తెరిచేయండి. వేడిలో ఏళ్లు దాచితే మాగదు, ఉడికిపోతుంది. కార్క్ సీసా మూతిలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటే వేడి తగిలిందని అనుమానించాలి.

5. తగినంత చల్లబరచండి

అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది ఈ మెట్టు దగ్గరే. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని అందరూ వినే ఉంటారు. ఆ మాట పుట్టింది చలిదేశాల పాత రాతి ఇళ్లలో, అప్పటి గదుల్లో. అక్కడి గది అంటే 16, 18 డిగ్రీలు. 28 డిగ్రీల గదిలో అదే మాట పాటిస్తే ఆల్కహాల్ ముందుగా ముక్కుకు తగులుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది.

16–18 డిగ్రీలకు తేవాలి. ఐస్, నీళ్లు కలిపిన గిన్నెలో సీసాను మెడదాకా ముంచితే పదీ పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఫ్రిజ్‌లో అయితే గంట, గది బాగా వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. వంటకు వాడే థర్మామీటర్ ఉంటే గ్లాసులో ముంచి చూసుకోండి. మరీ చల్లబడినా కంగారు పడొద్దు, గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే కాసేపట్లో తేరుకుంటుంది. మరీ చల్లగా ఉంటే వగరు గరుకుగా తోస్తుంది, అది వైన్ తప్పు కాదు.

ఒక్కసారి ఈ పరీక్ష చేయండి. ఒకే సీసా నుంచి రెండు గ్లాసులు పోసి, ఒకటి బల్ల మీద, ఒకటి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచి, పక్కపక్కన పెట్టుకుని తాగండి. రెండూ ఒకే సీసావంటే నమ్మబుద్ధి కాదు. నేను ఎవరికైనా వైన్ గురించి చెప్పాల్సి వస్తే మొదట చేయించేది ఇదే.

6. తేర్చండి, గాలి తగలనివ్వండి

ఇవి రెండు వేర్వేరు పనులు, ఒకే జగ్గుతో జరుగుతాయి కాబట్టి జనం కలిపేస్తారు.

వయసు తక్కువ వైన్, అంటే పంట ఏడాది నుంచి ఏడెనిమిదేళ్ల లోపుదైతే, దానికి కావాల్సింది గాలి. వెడల్పాటి గాజు జగ్గులోకి ధైర్యంగా, కాస్త ఎత్తునుంచే పోసేయండి. గంట, రెండు గంటలు వదిలేయండి. మధ్యలో అరగంటకోసారి ఒక్క గుక్క రుచి చూస్తుంటే మూసుకుపోయిన వాసనలు ఎలా విచ్చుకుంటాయో తెలుస్తుంది. కార్క్ తీసి సీసాను అలాగే ఉంచితే చాలనుకోవద్దు. ఆ సన్నటి మూతిలోంచి తగిలే గాలి లెక్కలోకి రాదు.

పదిహేనేళ్లు దాటిన సీసా సంగతి వేరు. అడుగున మడ్డి ఉంటుంది. కనీసం ముందురోజే సీసాను నిలబెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. తెరిచేటప్పుడు కుదపొద్దు. సీసా మెడ వెనక కొవ్వొత్తో, ఫోన్ లైటో వెలుగుతుండగా, ఒకే చేత్తో, మధ్యలో ఆపకుండా, సన్నటి ధారగా జగ్గులోకి వంచండి. మొదట ధార తేటగా, లైటు పడితే కెంపులా మెరుస్తుంది. చివరికొచ్చేసరికి సీసా భుజం దగ్గర పొగలాంటి నల్లటి చార ఒకటి మెల్లగా మెడవైపు పాకుతుంది. అది మెడలోకి రాగానే ఆపేయండి. మిగిలిన రెండు మూడు చెంచాల కోసం ఆశపడితే జగ్గంతా చేదవుతుంది. ఇలాంటిదాన్ని ఎక్కువసేపు ఉంచొద్దు, పదిహేను ఇరవై నిమిషాల్లో తాగడం మొదలుపెట్టండి. ముసలి వైన్‌కు గాలి ఎక్కువైతే వాసన పోతుంది.

తడిసిన అట్టముక్క, మూసి ఉంచిన పాత గది వాసన వస్తే ఆ సీసా చెడింది. కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం దానికి కారణం. ఎంతసేపు గాలి తగిలినా అది పోదు. కొన్నచోట చెప్పి మార్చుకోండి.

7. రుచి చూడడం

పెద్ద బొజ్జ ఉన్న గ్లాసు తీసుకుని మూడో వంతుకు మించకుండా పోయండి. ముందుగా తిప్పకుండా వాసన చూడండి, తర్వాత గుండ్రంగా తిప్పి మళ్లీ చూడండి. రెండోసారి వచ్చేవి బరువైన వాసనలు: నల్లటి పళ్లు, అతిమధురం, పొగాకు, తడి మట్టి. షిరాజ్‌లో మిరియాల వాసన వస్తే అది మీ ఊహ కాదు. రొటండోన్ అనే పదార్థం మిరియాల్లోనూ, ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది.

రంగు చూసి బలాన్ని అంచనా వేయొద్దు. పాత గ్రెనాష్ పలచటి ఎరుపులో ఉంటుంది, నోట్లోకి వెళ్తే నిండా పరుచుకుంటుంది.

ఒక గుక్క తీసుకుని మింగకుండా నోరంతా తిప్పండి. పులుపు వల్ల నాలుక పక్కల నీళ్లూరాలి. వగరు తెలియాలంటే నాలుకను పై చిగుళ్ల మీద నెమ్మదిగా రుద్దండి. గీరుకున్నట్టుందా, మెత్తటి గుడ్డ తగిలినట్టుందా? మంచి పాత తీగల వైన్‌లో వగరు ఉంటుంది, బోలెడంత ఉంటుంది, కానీ మెత్తటి పొడిలా ఉంటుంది, గుచ్చుకోదు. మింగాక గొంతులో మంట ఉందా, వెచ్చదనం ఉందా చూసుకోండి. ఆ తర్వాత మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఐదారు అంకెలకే రుచి ఆగిపోతే మామూలు వైన్. ఇరవై, ముప్పై దాకా రుచి సాగుతూ, అందులోనూ పండు నుంచి మసాలాకు, మసాలా నుంచి మట్టికి మారుతూ పోతే దాని కోసమే పాత తీగలను వెతుక్కుంటాం.

నేను ముఖ్యంగా చూసేది నోటి మధ్యభాగం. కొన్ని చిక్కటి వైన్లు మొదట తియ్యగా తగిలి, చివర వగరు పట్టి, మధ్యలో బోలుగా ఉంటాయి. మంచి పాత తోట వైన్‌లో ఆ బోలు ఉండదు. బలం అరవదు, నిండుగా కూర్చుంటుంది. అయినా కళ్లకు గంతలు కట్టి గ్లాసు చేతికిస్తే తీగ వయసు చెప్పేయగలనని నేను అనను.

మీకే తేల్చుకోవాలనుంటే ఒకే తయారీదారు, ఒకే రకం, ఒకే ఏడాది పంటతో చేసిన రెండు సీసాలు తెచ్చుకోండి: ఒకటి మామూలుది, ఒకటి పాత తీగలది. లేబుళ్లు కనపడకుండా కాగితం చుట్టి, ఇంకొకరిచేత పోయించుకోండి. ఏది నచ్చిందో రాసుకున్నాకే కాగితం విప్పండి. మామూలుదే నచ్చితే అదే కొనుక్కోండి, మొహమాటం అక్కర్లేదు.

8. తోడుగా ఏం తినాలి

కొవ్వూ మాంసకృత్తులూ ఉన్న తిండి వగరును మెత్తబరుస్తుంది. నిప్పుల మీద కాల్చిన మాంసం, గట్టిబడిన చీజ్, వేయించిన పుట్టగొడుగులు బాగా నప్పుతాయి. ఉప్పు సాయం చేస్తుంది. కారం ఎక్కువైతే ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది, తీపి తింటే వైన్ చప్పగా, చేదుగా మారుతుంది.

9. మిగిలిపోతే

సీసాలో సగం మిగిలితే చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. గాలికి చోటు లేకపోతే వైన్ పాడవడం నెమ్మదిస్తుంది. మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. మర్నాడు తీసి, అరగంట బయట ఉంచి తాగి చూడండి. వయసు తక్కువ ప్రియొరాత్‌గానీ, షిరాజ్‌గానీ చాలాసార్లు మొదటిరోజు కంటే రెండోరోజే బాగుంటుంది. గరుకుతనం దిగిపోయి, అంతకుముందు కనపడని పూల వాసన ఒకటి బయటికొస్తుంది. అందుకే అలాంటి సీసా తెరిచినప్పుడల్లా ఒక గ్లాసు కావాలనే మర్నాటికి ఉంచుతాను.